గంగమ్మ చెలిమె మీద ఇనుప మూత

మా ప్రాజెక్టు కట్ట మీద కొత్త బోర్డు పెట్టారు. నీలం రంగు మీద తెల్ల అక్షరాలు. ఈ కట్టను భద్రతా ప్రమాణాలకు తగినట్టు పునరుద్ధరించినట్టు అందులో రాసి ఉంది. దాని కింద నల్లరాయి మీద రిబ్బను కత్తిరించిన పెద్దమనుషుల పేర్లు చెక్కారు. అందులో మా అవ్వ, అంటే మా అమ్మ, పేరు లేదు. ఉండాలని నేననను. ఆమె పేరు మా కాలనీలో చాలామంది నోళ్లలో ఉంది, అది చాలు. ఏ మాటలు తగిలించి ఆ పేరు పలుకుతారో ఇక్కడ రాయను. నేను చిన్నపిల్లలకు ఆటలూ పాటలూ నేర్పే అంగన్‌వాడీ టీచర్ని.

ఆదిలాబాద్ గుట్టల్లోంచి దిగి గోదావరిలో కలిసే వాగు మీద ఉంది మా ప్రాజెక్టు. వాన గట్టిగా పడితే ఆ వాగు కింది ఊళ్లను ముంచేదట. ఆ వరదను ఆపడానికని, నేను పుట్టకముందే మట్టికట్ట పోసి గేట్లు బిగించారు. కింది ఊళ్లు మునగకుండా ఉండాలంటే పైన ఏదో ఒక ఊరు మునగాలి కదా, ఆ ఊరు మాది. మునిగిన ఊరి జనాన్ని తెచ్చి ఎక్కడ పెట్టారయ్యా అంటే, ఆ కట్ట కిందే. ఒకసారి మునిగిన వాళ్లకు అలవాటై ఉంటుందనుకున్నారేమో. మా ఇంటి గడపలో నిలబడితే ఆకాశం సగమే కనిపిస్తుంది. మిగతా సగం కట్ట.

పాత ఊళ్లో బాపుకు మంచి నల్లరేగడి ఉండేదని అవ్వ చెప్పేది. నష్టపరిహారం నేను పుట్టేసరికే తిండికీ ఇంటి గోడలకూ అయిపోయింది. అప్పట్లో ఉన్న ఆఫీసరెవరో కట్ట పాదం దగ్గరి బురదనేలను చేత్తో చూపించి, "గా జాగల ఏం పండది, కావాలంటె చేస్కో" అన్నాడట. బాపూ అవ్వా ఆ మాటే పట్టా అనుకున్నారు. ఎడ్లబండితో చెరువుమట్టి తోలారు, పెంట తోలారు, తుంగ పీకారు. కాలు పెడితే మోకాలిదాకా దిగే బురదను మడి చేశారు. చుట్టుపక్కల బోర్లు ఎండిన ఏడాది కూడా మా మడి ఎండలేదు. అడక్కుండా నీళ్లు వచ్చే పొలం ఆ చుట్టుపట్ల మాదొక్కటే. బాపు పోయాక కూడా అవ్వ దాన్ని వదల్లేదు. బియ్యం కొనుక్కుని తినడం అంటే ఏమిటో మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆ నీళ్లు వచ్చేది మడి తల దగ్గర ఉన్న చెలిమెలోంచి. కట్ట పాదానికి పేర్చిన రాళ్ల సందుల్లో చిన్న గుంట, అందులో అడుగునుంచి నీళ్లు సన్నగా ఉబికేవి. వేసవిలో కూడా చల్లగా, అద్దంలా ఉండేవి. మా కాలనీ బోరునీళ్లు ఉప్పు, ఎప్పుడో వచ్చే నల్లా నీళ్లు మందు వాసన. చెలిమె నీళ్లతో పెట్టిన పప్పు మెత్తగా ఉడికేది. ఆడవాళ్లంతా బిందెలు పట్టుకుని మా ఒడ్డు మీదుగానే వచ్చేవాళ్లు. దానికి గంగమ్మ చెలిమె అని పేరు. ఏటా తొలకరికి పసుపు కుంకుమ తెచ్చి ఒడ్డు రాయికి పూసేవాళ్లు. మొదటి బొట్టు మా అవ్వదే. చెలిమె ఆమె పొలం తలాపున ఉంది కాబట్టి అది ఆమె హక్కు. మిగతా రోజుల్లో ఎవరికీ పట్టని మనిషి ఆ ఒక్క పూట ముందు నడిచేది.

ప్రాజెక్టు మీదికి తనిఖీకి వచ్చే పెద్దసారు కూడా ఒకసారి చెలిమె దగ్గరికి వచ్చాడు. దోసిలి పట్టి తాగి, బాగున్నాయన్నాడు. డ్రైవర్‌తో ఒక క్యాను నింపించుకుని జీపులో పెట్టించాడు. తన కట్టకు పడిన చిల్లులోంచి నీళ్లు పట్టుకుని ఇంటికి తీసుకుపోయిన ఆఫీసరును నేను ఆయన్నొక్కణ్ణే చూశాను. అప్పుడు నవ్వు రాలేదు, నాకూ తెలియదు కనుక. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు వస్తుంది గానీ అది నవ్వు కాదు.

ఈ చెలిమెకు ఒక ఆచారం ఉండేది. ముసురు పట్టినప్పుడు ఎప్పుడైనా ఒక రోజు నీళ్లు ఎర్రగా వచ్చేవి. గంగమ్మ ముట్టైంది అనేవాళ్లు. దారికి అడ్డంగా వేపకొమ్మ వేసేవాళ్లు. మూడు రోజులు ఎవరూ ఆ దిక్కు పోకూడదు, నీళ్లు ముంచకూడదు, మగవాళ్ల చెవిన వేయకూడదు. బోరునీళ్లతోనే వండుకుని, మగవాళ్లు ఇవేం నీళ్లని అడిగితే ఏదో ఒకటి చెప్పేవాళ్లు. మూడు రోజులకు నీళ్లు తేటబడేవి. కొమ్మ తీసి, తలమీద నీళ్లు పోసుకుని, మళ్లీ బిందెలు పట్టుకునేవాళ్లు.

ఈ ఆచారం వాళ్లు పాత ఊరినుంచి తెచ్చుకున్నది. అక్కడ గుట్ట పక్కన ఒక ఊట ఉండేదట. వానలకు గుట్టమట్టి కరిగి ఆ నీళ్లు ఎర్రబడేవి, మళ్లీ తేటబడేవి. గుట్టకు ఏమవుతుంది, ఏమీ కాదు. ఊరు మునిగేటప్పుడు మా వాళ్లు రోళ్లూ విసుర్రాళ్లూ బండ్లమీద వేసుకున్నట్టే ఆ ఆచారాన్నీ వేసుకుని వచ్చారు. వచ్చాక ఇక్కడ ఊట కనిపించగానే దానికి తొడిగారు. ఇది గుట్ట కాదని, మనుషులు పోసిన మట్టికట్ట అని, అందులోంచి నీళ్లు ఎర్రగా వస్తున్నాయంటే లోపల మట్టి కొట్టుకుపోతున్నదని వాళ్లకెవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాళ్లు క్యాన్లు నింపుకుంటున్నారు.

ఆ తర్వాత మా ప్రాజెక్టుకు ఒక ఇంజనీరమ్మ వచ్చింది. అందరూ మేడం అనేవాళ్లు. చిన్న వయసు, మొదటి ఉద్యోగం. వచ్చిన వారంలోనే కట్ట మొత్తం నడిచి తల పట్టుకుంది. అంతకుముందు మొక్కలు నాటే కార్యక్రమంలో సర్కారువాళ్లే కట్ట పొడుగునా గుంతలు తవ్వి మొక్కలు పెట్టి ఫోటోలు దిగి పోయారు. అన్నిచోట్లా చచ్చే సర్కారు మొక్కలు మా కట్ట మీద మాత్రం చక్కగా బతికాయి. వేర్లు కట్టలోకి దిగాయి. గేట్లు తుప్పు పట్టాయి, సైరన్ మోగదు. మేడం పైకి ఎన్నిసార్లు రాసిందో తెలియదు. అడిగితే, "ఫండ్స్ లేవంటున్నరు" అని మాత్రం అనేది. మధ్యాహ్నం మా అరుగు మీద కూర్చుని డబ్బా విప్పి తినేది. అవ్వ ఆమెకు ఉల్లిగడ్డ కోసి ఇచ్చేది, ఆమె అవ్వకు కూరలో సగం పెట్టేది.

ఒకనాడు చెలిమె దగ్గర నీళ్లు పట్టుకుంటున్న ఆడవాళ్లను మేడం అడిగింది.

"ఎప్పుడన్న నీళ్లు బురదగ వస్తయా?"

ఆమె వెనకాలే గేట్లు చూసే లష్కర్ నిలబడి ఉన్నాడు. మగమనిషి.

"లే మేడం. ఎప్పుడు తెల్లగనే ఉంటయ్" అంది మా పక్కింటి వదినె. మిగతావాళ్లు బిందెల వైపు చూస్తూ తలలూపారు. లష్కర్ ఆ పూట బీడీ తాగడానికి పక్కకు పోయి ఉంటే తర్వాతి కథ వేరేగా ఉండేదేమో.

ఆ తర్వాత వానాకాలం పెద్ద ముసురు పట్టింది. గుట్టల్లో కురిసిందంతా వాగులోకి, వాగంతా మా ప్రాజెక్టులోకి. ఒక గేటు సగం లేచి ఇరుక్కుపోయింది. ఆఫీసర్లు, పోలీసులు, మైకులు, కట్ట నిండా మగవాళ్లే. అందరి కళ్లూ గేటు మీదే. లోతట్టు వీధి జనాన్ని మా అంగన్‌వాడీలో ఉంచారు, వాళ్లకు వండిపెట్టే పనిలో నేను ఇంటి మొహం చూడలేదు. నా భర్త శ్రీరాంపూర్ బొగ్గుగనిలో కాంట్రాక్టు కార్మికుడు. సెలవుకు వచ్చినవాడు బస్సులు బందై ఇంట్లోనే చిక్కుకుపోయాడు. అవ్వ ఆయనకు పూటపూటా చాయ్ పెట్టి ఇస్తూ, చెలిమె సంగతి మాత్రం ఎత్తలేదు. అప్పటికే చెలిమె ఎర్రబడింది, వేపకొమ్మ అడ్డం పడింది.

మూడు రోజులు గడిచాయి. కొమ్మ తీద్దామని ఆడవాళ్లు పోతే నీళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఇంకో రోజు చూద్దాం అనుకున్నారు. ఆ ఇంకో రోజు కూడా అయింది. అవ్వకు ఇంట్లో కాలు నిలవలేదు. ఆడకూతురికి నెత్తురు ఆగకుండా పోతుంటే తల్లి ఎలా ఉంటుందో అలా ఉంది ఆమె. బాపు పాత ధోతి చింపి దాచిన గుడ్డముక్క ఒకటి తీసుకుని, కొమ్మ దాటి ఒక్కతే పోయింది. గుడ్డ ముంచి పిండి చూసింది. దాన్ని రొంటిన దోపుకుని వానలోనే కట్ట మెట్లెక్కింది.

ఆ వేళకు నేను కట్ట మీద ఉన్నాను, సిబ్బందికి కిచిడీ గిన్నె మోసుకుపోయి. రెయిన్‌కోటు వేసుకుని మేడం గేటు దగ్గర అరుస్తూ ఉంది. అవ్వ నేరుగా పోయి ఆమె చెయ్యి పట్టుకుంది.

"బిడ్డా, జర ఇటు రా. మొగోళ్ల ముంగట చెప్పేది కాదు."

"అవ్వా, ఇప్పుడు కాదు. తర్వాత."

"ఇప్పుడే" అని అవ్వ ఆమెను పక్కకు లాక్కొచ్చింది. రొంటినుంచి గుడ్డ తీసింది. "గంగమ్మ ముట్టైంది. మూడొద్దులకు ఆగాలె. ఆగుతలేదు బిడ్డా, ఎక్కువైతుంది. నాకు భయమైతుంది."

మేడం నవ్వుతుందనుకున్నాను. ఆమె గుడ్డ తీసుకుని వేళ్ల మధ్య నలిపింది. ఇసుక గరగరలాడిందేమో, మొహం తెల్లబోయింది. మూఢనమ్మకమనీ ఏమనీ ఒక్క మాటనలేదు.

"ఎక్కడవ్వా. చూపించు" అంది. అవ్వకంటే ముందే మెట్లు దిగింది.

ఆ తర్వాత జరిగింది నేను దూరంనుంచే చూశాను, మమ్మల్ని దగ్గరికి రానివ్వలేదు. కాలనీ ఖాళీ చేయించారు. ఉన్న తూములన్నీ తెరిచారు. ట్రాక్టర్లలో ఇసుక, కంకర, రాళ్లు తెచ్చి చెలిమె మీద వరసగా పరిచారు, నీళ్లు పోనిచ్చి మట్టిని పోనివ్వకుండా. కొత్తగా నాటేసిన మా మడిలోంచే ట్రాక్టర్లు పోయాయి. ఎవరూ ఏమీ అనలేదు, అవ్వ కూడా. మర్నాడు నీళ్లు తేటబడ్డాయి. కట్ట నిలిచింది, మేం ఇళ్లకు తిరిగి వచ్చాం.

నా భర్తకు అప్పుడు తెలిసింది. ఆయన కోపం అవ్వ మీద కాదు, నా మీద కాదు, ఎవరి మీదో ఆయనకే తెలియదు.

"గనిల ఊటనీళ్లల్ల మన్ను గనవడితె మేం తట్టపార ఆడనే ఇడిసి ఉరుకుతం. ఇంట్లనే ఉన్న గద, నాకు ఒక్క మాట చెప్పకపోతిరి" అన్నాడు.

"నీకెట్ల చెప్తనయ్యా" అంది అవ్వ. "గది ఆడోళ్ల ముచ్చట."

కొన్నాళ్లు అవ్వ గొప్ప మనిషి అయింది. ప్రాజెక్టు గెస్ట్‌హౌస్ ముందు షామియానా వేసి శాలువా కప్పారు. ఇలాంటి తల్లులు ఊరికొకరు ఉండాలన్నాడు పెద్దసారు. చెలిమె నీళ్లు క్యానులో పట్టుకుపోయిన ఆ పెద్దసారే. పేపర్లో అవ్వ ఫోటో పడింది. శాలువా వేడి చేస్తుందని ఆమె దాన్ని మడిచి పెట్టెలో పెట్టుకుంది.

భయానికి ఫండ్స్ పుట్టాయి. ఇన్నేళ్లూ లేనివి ఒక్క ముసురుతో వచ్చాయి. ఎక్కడెక్కడినుంచో నిపుణులు వచ్చారు. కట్ట నెత్తిన బోర్లు వేసి సిమెంటు పాలు ఎక్కించారు. ఫోటోలు దిగి నాటిన చెట్లను ఫోటోలు లేకుండా పీకారు. గేట్లు మార్చారు, సైరన్ పెట్టారు. అన్నీ చేయాల్సిన పనులే. చేయాల్సిన పనే అని ఒప్పుకుంటూ కోపంతో ఉడికిపోవడం ఎంత కష్టమో చెప్పలేను. తప్పు చేసినవాణ్ణి తిట్టవచ్చు. ఒప్పు చేసినవాణ్ణి ఏమని తిట్టాలి?

తర్వాత గుర్తులు పెట్టేవాళ్లు మా మడిలోకి దిగారు. కట్ట పాదం పొడుగునా మట్టీ రాయీ పోసి మెట్టులాగా వెడల్పు చేయాలట, దాని కింద నీళ్లు పోయే కాలువ పెట్టాలట. వాళ్లు పాతిన కర్రలు చెలిమె అవతల మొదలై మా మడి మొత్తం దాటి ఒడ్డు మీద ఆగాయి. అవ్వ పెట్టె తెరిచి శాలువా తీసి కప్పుకుని గెస్ట్‌హౌస్‌కు పోయింది. నేనూ వెంట పోయాను. ఎండాకాలం మధ్యాహ్నం, ఆ శాలువాలో ఆమెకు చెమటలు కారుతున్నాయి. దాన్ని చూస్తేనన్నా గుర్తుపడతారని ఆమె ఆశ.

పెద్దసారు గుర్తుపట్టాడు, కుర్చీ కూడా వేయించాడు. ఆ నేల మొదటినుంచీ ప్రాజెక్టుదేనని, మీ దగ్గరినుంచి తీసుకుంటే కదా పరిహారం మాట వచ్చేదని మెల్లగా చెప్పాడు.

"నీ మంచికే అవ్వా. కట్ట తెగితె నీ పొలం ఎక్కడుంటది, నువ్వెక్కడుంటవ్?"

అవ్వ శాలువా అంచుతో చెమట తుడుచుకుంది.

"నిజమే సారు. ఇగ కట్ట ఉంటది. నేను గూడ ఉంట. పొలమేది?"

ఆయన చేతి గడియారం చూసుకున్నాడు. ఒక్క కట్ట కోసం మా ఇల్లు రెండుసార్లు భూమి పోగొట్టుకుంది. మొదటిసారి కట్టడానికి, రెండోసారి అది కూలకుండా ఉండడానికి. ఈ మాట నేను ఆయనతో అన్నాను. తనూ ఉద్యోగస్థుడేనన్నాడు. వాళ్లంతా చివరికి చెప్పే మాట అదే.

బయట మేడం నిలబడి ఉంది. "నేను రాసినవ్వా. భూమికి భూమి ఇయ్యమని రాసిన. ఒప్పుకోలే" అంది. ఆమె కళ్లలో నీళ్లు ఉన్నాయి.

"నువ్వేం జేస్తవ్ బిడ్డా" అంది అవ్వ, ఆమె భుజం తట్టి. నాకంత మంచితనం లేదు.

"గా గీత గీసింది మీరే గద మేడం, మా పొలం మీదికెళ్లి" అన్నాను.

"అవును, నేనే గీసిన. అక్కడ గీయకుంటే కట్ట నిలవది" అంది ఆమె.

ఆ మాటలో అబద్ధం లేదు. ఆమె అబద్ధం చెప్పి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్ని.

మడి పోయింది. టిప్పర్లు మట్టి పోస్తుంటే అవ్వ అరుగు మీద కూర్చుని చూసింది. అడ్డం పడలేదు, ఏడవలేదు. బాపు చెరువుమట్టి తోలిన నేల మీద ఇంకో మట్టి పడుతుంటే, "మంచి మట్టే తెచ్చిండ్రు" అంది ఒకసారి. సిమెంటు పాలు లోపల బిగిశాక చెలిమె నీళ్లు దారమంత అయ్యాయి. ఆ దారాన్ని పైపులో పట్టి ఒక సిమెంటు తొట్టిలోకి వదిలారు. తొట్టికి ఇనుప మూత, మూతకు తాళం, చుట్టూ ముళ్లకంచె. వారానికోసారి ఒక మనిషి వచ్చి తాళం తీసి, నీళ్లు ఎంత వస్తున్నాయో, ఏ రంగులో వస్తున్నాయో చూసి, మళ్లీ తాళం వేసి పోతాడు. అలా చూడటం అవసరమని నాకు తెలుసు. ఆ నీళ్లు తొట్టి దాటి, మిగులు నీళ్లు పోయే మత్తడి కాలువలో కలిసి పోతాయి. బిందె పెట్టడానికి చోటు లేదు. ఎదురుగా ప్రాజెక్టులో అన్ని నీళ్లు పెట్టుకుని, మా కాలనీ ఆడవాళ్లు ట్యాంకరు కోసం లైన్లో నిలబడతారు.

నిలబడ్డవాళ్లకు తిట్టడానికి ఒకరు కావాలి. పెద్దసారు దొరకడు. అవ్వ దొరికింది. పక్కింటి వదినే మొదలుపెట్టింది, ట్యాంకరు దగ్గర, అందరి ముందు. అవ్వను అత్తా అని పిలిచే మనిషి, మా మడి గట్టు మీద కూర్చుని ఎన్నోసార్లు సద్ది తిన్న మనిషి.

"గంగమ్మ ముట్టుగుడ్డ తీస్కపోయి కట్టమీద సర్కారోళ్లకు చూపెట్టినవ్ అత్తా. ఆడదానివై గాపని ఎట్ల జేసినవ్? సిగ్గుతోని తల్లి ఎల్లిపోయింది."

"చెప్పకపోతె అందరం పోదుము" అన్నాను నేను.

"ఇన్నేండ్లు చెప్పకనే ఉన్నం గద. పోయినమా?"

దానికి నా దగ్గర జవాబు ఉంది, అది ఆమెకు ఎక్కదు. జరగని వరదను ఎవరికి చూపించగలం? కొట్టుకుపోకుండా మిగిలిన ఇల్లు చూపించి ఇదిగో నీ ఇల్లు మిగిలింది అంటే, ఎప్పుడూ ఇక్కడే ఉంది కదా అంటుంది. పోయిన చెలిమె మాత్రం రోజూ కనిపిస్తుంది. అవ్వ బిందె ఎత్తుకుని ఇంటికి వచ్చేసింది. తర్వాతి తొలకరికి ఆడవాళ్లు కంచె సందులోంచి చెయ్యి పెట్టి ఆ ఇనుప మూతకే పసుపు రాశారు. మొదటి బొట్టు పెట్టడానికి వదినెను పిలిచారు. అవ్వను రమ్మని ఎవరూ అనలేదు, పోవద్దనీ అనలేదు. ఆమె అరుగు మీద కూర్చుని రేషన్ బియ్యంలో రాళ్లు ఏరుకుంది. ఆ అన్నం ఆమెకు గొంతు దిగదు. తింటుంది, ఏం చేస్తుంది.

మేడంకు కరీంనగర్ వైపు బదిలీ అయింది. పోయేముందు వచ్చి అవ్వ కాళ్లు మొక్కింది. ఆమె జాగాలో ఒక సారు వచ్చాడు. బోర్డు పెట్టారు, రిబ్బను కత్తిరించారు. కథ అక్కడితో అయిపోయిందనుకున్నాను.

ఈ వానాకాలం ఒక పొద్దున అవ్వ కట్టెలకని కట్ట ఆ చివరిదాకా పోయి వచ్చింది. వచ్చి గడపలో నిలబడింది.

"వాళ్ల పత్తిచేన్ల నేల చెమ్మగిల్లింది. మీద వరిగడ్డి కప్పిండ్రు" అంది.

వాళ్లంటే వదినెవాళ్లు. మట్టిమెట్టు ఆగిపోయిన చోటు తర్వాత కట్ట పాదంలోనే వాళ్ల పత్తిచేను ఉంది. మాదానిలాగే ఎవరో ఆఫీసరు చేత్తో చూపించిన నేల. నేనూ అవ్వా కలిసి పోయాం. వదినె చేను గట్టు మీద నిలబడి ఉంది, మేం వస్తామని ముందే తెలిసినట్టు.

"నీళ్లు ఏ రంగున్నయే?" అడిగింది అవ్వ.

"తెల్లగనే ఉన్నయత్తా. చిన్న చెమ్మ. వానకు ఉండదా?"

"ఒక్కసారి గుడ్డ ముంచి చూస్త."

"నా చేన్ల కాలువెట్టకు." వదినె గొంతు పెంచలేదు. "నువ్వు జెప్పి ఏం బాగుపడ్డవత్తా? నాకు గీ చేనొక్కటే ఉన్నది."

అవ్వ గుడ్డ చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. నా జీవితంలో ఆమెను అంత చిన్నగా ఎప్పుడూ చూడలేదు. వదినె చెప్పింది తప్పని మా ఇద్దరిలో ఎవరం అనగలం? నోరు తెరిస్తే ఏమవుతుందో ఆ కాలనీకి నేర్పింది మా ఇల్లే. సైరన్ కొన్నారు, కెమెరాలు పెట్టారు, తొట్టికి తాళం వేశారు. చెప్పిన మనిషికి మాత్రం ఒక చెక్క పొలం చూపించలేకపోయారు. ఇప్పుడు కట్ట కింద ఎవరికి ఏం కనిపించినా ముందు గడ్డి కప్పుతారు.

ఇంటికి వచ్చాక అవ్వ గుడ్డను మడిచి పక్కన పెట్టింది. తర్వాత అంది, "కొత్తాయన మొగాయన. నేనెట్ల చెప్త? నువ్వు చెప్పు."

"చెప్తె గా చేను పోతది అవ్వా."

"పోతది" అంది. "చెప్పు."

అంగన్‌వాడీలో పిల్లలు పడుకున్న వేళ కొత్త సారుకు ఫోన్ చేశాను. వాళ్లలో వదినె మనవరాలు కూడా ఉంది, నోట్లో వేలు పెట్టుకుని, కట్ట వైపు కాళ్లు చాపుకుని. సారు నీళ్ల రంగు అడిగాడు. చూడనివ్వలేదన్నాను. సరే వస్తానన్నాడు. వస్తాడో రాడో అనుకున్నాను. ఆ సాయంత్రమే వచ్చాడు. గడ్డి తీయించి చూశాడు. నీళ్లు తెల్లగానే ఉన్నాయి. వదినె అబద్ధం చెప్పలేదు. అయినా ప్రమాణాల ప్రకారం వదలకూడదని, మట్టిమెట్టు అక్కడిదాకా పొడిగించాలని చెప్పి, పూతకొచ్చిన పత్తిలో ఎర్రజెండాలు పాతించాడు. వదినె గట్టు మీద కూర్చుని వాటిని చూస్తూ ఉంది. నా వైపు తల తిప్పలేదు.

నేను చెప్పినందుకు బాధపడటం లేదు. కట్ట కింద పడుకునే పిల్లలు నా పిల్లలు. కానీ ఎప్పుడూ చెప్పాల్సింది మేమే, పోగొట్టుకోవాల్సిందీ మేమే, రాయి మీద పేర్లు మాత్రం వాళ్లవి. ఈ కోపం నన్ను చచ్చేదాకా వదలదు, వదలాలని నాకూ లేదు.

ఇంటికి పోయేసరికి అవ్వ నులకమంచం మీద కూర్చుని ఉంది. నన్ను చూసి కొంచెం పక్కకు జరిగింది.

"కూసో. ఇగ రేపటిసంది నీతోని గూడ మాట్లాడరు బిడ్డా" అంది.

మర్నాడు అంగన్‌వాడీలో గుడ్లు ఉడకబెట్టి పిల్లలకు పంచాను. వదినె మనవరాలు రాలేదు. ఆమె గుడ్డు ఒక గిన్నెలో వేసి మూత పెట్టి పక్కన ఉంచాను. మధ్యాహ్నం దాటాక దాన్ని తీసుకుని వాళ్ల ఇంటికి పోయాను. లోపల పిల్ల మాటలు వినిపిస్తున్నాయి. తలుపు తీయలేదు.